పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ కోర్సు: యంత్రాన్నీ ప్రోగ్రామునూ కలిపి చదివే విధానం

పదో తరగతి తర్వాత పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరిన విద్యార్థుల్లో చాలామంది మొదటి ఏడాది ముగియకముందే ఒక తీర్మానానికి వచ్చేస్తారు. హార్డ్‌వేర్ ల్యాబు రిపేరు షాపు పెట్టుకునేవారికి పనికొస్తుందనీ, తమకు కావలసింది సాఫ్ట్‌వేరేననీ, అది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎలాగూ నేర్చుకోవచ్చనీ అనుకుంటారు. ఈ విభజన వల్ల రెండూ అరకొరగానే వస్తాయి. 1967లో ఏర్పడిన ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ పేరుతో కంప్యూటర్లను తయారుచేసిన హైదరాబాద్ నగరంలో ఉంటూ, కంప్యూటరు మూత తీసి చూడకుండానే డిప్లొమా పూర్తిచేయడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్‌లలో ఒకదానిలో చదివిన విషయాన్ని ఆ వారమే రెండోదానిలో సరిచూసుకుంటూ పోవడమే నేను చెప్పబోయే పద్ధతి.

అందుకు ముందుగా కావలసింది విప్పడానికి భయపడనక్కర్లేని ఒక పాత డెస్క్‌టాప్. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నా సరే, అది ఈ పనికి అంతగా ఉపయోగపడదు. దానిలో భాగాలన్నీ ఇరుకుగా ఉంటాయి, చాలా వాటిలో మెమొరీ బోర్డుకే అతికి ఉంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోటుకు, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి వెళ్లి, డబ్బు పంచుకుని ఒక సెకండ్‌హ్యాండ్ యంత్రాన్ని కొనుక్కోవచ్చు. కొనే ముందు మీ కళ్లెదుటే ఆన్ చేయించి, సెటప్ తెర వరకు వెళ్లి, అందులో మెమొరీ, డిస్క్ సరిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ర్యామ్ (మెమొరీ స్టిక్) ఏ తరానిదో కూడా అడిగి రాసుకోండి. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి, డీడీఆర్5కి 288 పిన్నులు ఉంటాయి. చివరి రెండింటికీ పిన్నుల లెక్క ఒకటే అయినా గాడి ఉన్న చోటు వేరు కనుక ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగడం లేదని అదిమి నొక్కి స్లాట్ విరగ్గొట్టినవారిని ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాం.

విప్పే ముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి; లోపల మిగిలిన విద్యుత్తు చాలావరకు పోతుంది. తర్వాత క్యాబినెట్ లోహపు భాగాన్ని చేత్తో తాకి, ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకున్నాకే బోర్డు జోలికి వెళ్లండి. ప్రతి కేబుల్ తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. కరెంటును మార్చి భాగాలకు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లు ప్రమాదకరమైన వోల్టేజీని కొంతసేపు నిలిపి ఉంచుతాయి.

హార్డ్‌వేర్ అంటే ఏమిటో నిజంగా తెలిసేది ‘నో డిస్‌ప్లే’ వచ్చినప్పుడే. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. అప్పుడు కనిపించిందల్లా పీకేయకుండా ఒక వరుసలో వెళ్లండి. మొదట మానిటర్ కేబుల్, అది సరైన పోర్టులోనే ఉందా అన్నది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రానికి బోర్డు పోర్టులో కేబుల్ పెట్టి గంటలు వృథా చేసేవారు తక్కువేమీ కాదు. తర్వాత ర్యామ్ తీసి, దాని బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, ఒక్కొక్క స్టిక్‌నే ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి చూడండి. సీటీసీలో మెకానిక్ కూడా మొట్టమొదట చేసే పని ఇదే. అప్పటికీ రాకపోతే బోర్డు మీద ఉండే చిన్న గుండ్రని సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసి పెట్టి సెట్టింగులు చెరిపేయాలి. ఆ బ్యాటరీ 3 వోల్టులది. ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే అది అయిపోయిందన్నమాట.

ఆ తర్వాతే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. నేను చదువుకునే రోజుల్లో ఈ వరుస పాటించక, ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేసి కొత్తది కొని తెచ్చాను. బిగించాక కూడా తెర నల్లగానే ఉంది. ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్‌ను అంతకుముందు రోజు నేనే ఊడదీసి, తిరిగి పెట్టడం మరిచిపోయానని సీనియర్ చూసి చెప్పేవరకు తెలియలేదు. ఎస్ఎంపీఎస్‌ను పరీక్షించదలిస్తే మల్టీమీటర్ నల్ల తీగను నల్ల వైరు మీద, ఎర్ర తీగను ఒక్కో రంగు వైరు మీద పెట్టి కొలవండి. పసుపుకి 12, ఎరుపుకి 5, నారింజకి 3.3 వోల్టులు రావాలి. 5 శాతం అటూ ఇటూ ఉంటే పర్వాలేదు, అంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వరకు. కొత్త వాటిలో కొన్నింటికి వైర్లన్నీ నల్లగానే ఉంటాయి కనుక పిన్ను స్థానాన్ని బట్టి చూసుకోవాలి. ఈ కొలతలను ల్యాబ్ రికార్డులో మీ అంకెలతోనే రాయండి. సీనియర్ రికార్డు చూసి దింపినవారు వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక ప్రోగ్రాముల వైపుకు వస్తే, సీ భాషను యంత్రాన్ని చూసే అద్దంగా వాడుకోవాలి. షార్ట్ రకపు చలరాశిలో 32767 పెట్టి, దానికి 1 కలిపి, వచ్చినదాన్ని అదే చలరాశిలో తిరిగి పెట్టి ముద్రించండి. మన కంప్యూటర్లన్నిటిలోనూ -32768 వస్తుంది. పదహారు బిట్లలో మొదటిది గుర్తుకు పోగా మిగిలిన పదిహేను నిండిపోవడమే దీనికి కారణం. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో రుణసంఖ్యలను బిట్లలో రాసే పద్ధతిగా మీరు బట్టీ పట్టిన టూస్ కాంప్లిమెంట్ ఇదే. ఇంట్ రకం పాత కంపైలర్ టర్బో సీలో 2 బైట్లు, ఇప్పటి జీసీసీ కంపైలర్‌లో 4 బైట్లు. పాత పుస్తకంలోని జవాబు మీ తెర మీద రాకపోతే పుస్తకం తప్పని గానీ, మీరు తప్పని గానీ అనుకోవద్దు.

రెండో సంవత్సరంలో, అర్రేలు (ఒకే రకపు విలువల వరుసలు) వచ్చాక, ఇంకొక ప్రయోగం చేయండి. నా దృష్టిలో మొత్తం కోర్సులో ఇంతకు మించిన పాఠం లేదు. 5000 అడ్డు వరుసలు, 5000 నిలువు వరుసలు గల పూర్ణాంకాల అర్రేను తీసుకుని మొత్తాన్ని 1తో నింపండి. అది రెండున్నర కోట్ల అంకెలు, సుమారు 100 ఎంబీ. మెయిన్ ఫంక్షన్ లోపల ప్రకటిస్తే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోతుంది, ఎందుకంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్టాక్‌కు, అంటే ఫంక్షన్ లోపలి చలరాశులుండే చోటుకు, మామూలుగా ఇచ్చేది 8 ఎంబీయే. కాబట్టి బయట, గ్లోబల్‌గా ప్రకటించండి. ఇప్పుడు మొత్తాన్ని ఒకసారి అడ్డు వరుసల వెంబడి, మరొకసారి నిలువు వరుసల వెంబడి కూడి, రెండింటికీ పట్టిన సమయాన్ని క్లాక్ ఫంక్షన్‌తో కొలవండి. కోడ్‌ను దానంతట అదే వేగవంతం చేయమని (ఆప్టిమైజేషన్) కంపైలర్‌కు చెప్పకండి. జవాబు ఒకటే, కూడికల లెక్కా ఒకటే, కానీ నిలువుగా వెళ్లినది స్పష్టంగా ఆలస్యమవుతుంది. మెమొరీ నుంచి ప్రాసెసర్ ఒక్క అంకెను తెచ్చుకోదు. మన ఇళ్లలోని కంప్యూటర్లలో ఒక్కసారికి 64 బైట్లు, అంటే పక్కపక్కనున్న పదహారు పూర్ణాంకాలను, తన దగ్గరే ఉండే చిన్న, వేగవంతమైన మెమొరీ అయిన క్యాష్‌లోకి తెచ్చుకుంటుంది. అడ్డంగా వెళితే ఆ పదహారూ పనికొస్తాయి. నిలువుగా వెళితే ఒకటి వాడుకుని పదిహేనింటిని వదిలేసి, మళ్లీ మెమొరీ గుమ్మం దగ్గర నిలబడవలసి వస్తుంది. ఇది ఒకసారి కళ్లారా చూసిన విద్యార్థి క్యాష్ మెమొరీని బొమ్మ గీసి బట్టీ పట్టనక్కర్లేదు.

లినక్స్‌ను ఆ పాత డెస్క్‌టాప్ మీదే మీ చేతులతో ఎక్కించండి, పాడైతే మళ్లీ ఎక్కించండి. నెట్‌వర్క్ కేబుల్ క్రింపింగ్, అంటే తీగ చివరలకు కనెక్టర్ బిగించడం, ఒక పూట పని: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అన్న వరుసలో రెండు చివరలా ఒకేలా పెట్టి, టెస్టర్‌తో చూసుకుంటే చాలు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఇంగ్లీషు నిర్వచనాలను కంఠతా పెట్టే బదులు, ప్రతి అంశాన్నీ ముందు తెలుగులో పక్కవాడికి చెప్పి చూసుకోవాలి. చెప్పలేకపోతే అది ఇంకా అర్థం కాలేదన్నమాట. చెప్పగలిగాక, పరీక్షకు కావలసిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయడం కష్టం కాదు. పుస్తకాల కోసం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు గానీ, మామూలు రోజుల్లో కోఠికి గానీ వెళితే పాతవి తక్కువ ధరకే దొరుకుతాయి. కంప్యూటర్ నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి వాటికి పాత ముద్రణ అయినా ఇబ్బంది లేదు.

అమీర్‌పేటకు వెళ్లకూడదని నేను అనను. మైత్రీవనం చుట్టుపక్కల కరపత్రాలు చేతిలో పెట్టేవారు నెల రోజుల్లో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ ముందు, వెనక భాగాలు రెండూ) నేర్పుతామంటారు; డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ రెండూ కాలేజీలో పూర్తయిన తర్వాతి వేసవిలో వెళితే ఆ నెలకు విలువ ఉంటుంది. మొదటి ఏడాదే వెళితే ఫీజు పోతుంది, కాలేజీలో బ్యాక్‌లాగ్‌లు మిగులుతాయి. డబ్బు కట్టే ముందు డెమో క్లాసులో కూర్చుని, అధ్యాపకుడు కోడ్‌ను అక్కడికక్కడే రాస్తున్నారా, లేక సిద్ధంగా ఉన్నదాన్ని చూపిస్తున్నారా అన్నది గమనించండి.

మూడో ఏడాదిలో బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరేందుకు ఈసెట్ ప్రవేశ పరీక్ష ఎదురవుతుంది. 200 మార్కుల ఆ పరీక్షలో సగం మాత్రమే మీ బ్రాంచిది. గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25. మొదటి ఏడాది గణితం నోటు పుస్తకాలను చిత్తుకాగితాల వాడికి అమ్మేసినవారు ఇక్కడే చిక్కుకుంటారు. వాటిని అట్టపెట్టెలో పెట్టి అటక మీద ఉంచండి. ఐదో సెమిస్టరు మొదలైన రోజున దించి, వారానికి ఒక అధ్యాయం చొప్పున లెక్కలు మళ్లీ చేయండి.