ఆముదం ఆకు తిప్పి చూడండి: వేరుశనగలో పురుగులు, తెగుళ్ళ అదుపు

పొద్దున చేనులోకి దిగగానే నేను ముందు చూసేది వేరుశనగను కాదు, పురుగు ముందు వచ్చి వాలేలా గట్టు వెంట ఎరగా వేసిన ఆముదం ఆకులను. ఆకు తిప్పితే ఒక్కోసారి అడుగున గోధుమరంగు నూగు కప్పుకున్న చిన్న ముద్ద కనిపిస్తుంది. అది పొగాకు లద్దెపురుగు పెట్టిన గుడ్ల ముద్ద. తల్లి రెక్కలపురుగు తన ఒంటి నూగునే వాటిమీద దుప్పటిలా కప్పి పోతుంది. ఒక్కో ముద్దలో వందల గుడ్లుంటాయి. ఆ ఆకును తుంచి సబ్బునీళ్ళ బకెట్లో వేస్తే పని అయిపోయినట్లే. మూడు నాలుగు రోజులు ఏమరితే పొదుగుతాయి. పొదిగిన పిల్లలు మొదట్లో గుంపుగా ఒకే ఆకు మీద ఉండి పచ్చదనమంతా గీకి తింటాయి, ఆకు తెల్లగా జల్లెడలా మిగులుతుంది. జల్లెడాకు దొరికినా ఇంకా చేతికందే పనే. ఆ తర్వాత అవి చెల్లాచెదురై, పగలు మట్టిలో దాక్కుని రాత్రిళ్ళు మేస్తాయి. అప్పుడు మిట్టమధ్యాహ్నం కొట్టిన మందు ఆకులను తడుపుతుంది గానీ పురుగును తాకదు.

మాది ఏర్పేడు, శ్రీకాళహస్తి మధ్య స్వర్ణముఖి ఒడ్డున ఇసుక నేల. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక బోరు కింద శనక్కాయ వేస్తాం. మందు కొట్టేది మా ఆయన, వంగి కలుపు తీసేది నేను. పంపు వీపున వేసుకుని నిటారుగా నడిచే మనిషికి ఆకు అడుగు కనిపించదు, అందుకే చేను సంగతి నన్నే అడుగుతారు. సమగ్ర సస్యరక్షణ అని దీనికి పెద్ద పేరుంది. నాకు తెలిసినంతలో ప్రతి పురుగూ, ప్రతి తెగులూ మనిషి చేతికి అందే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజులు విత్తనం వేయకముందే మొదలవుతాయి.

విత్తడానికి రెండు వారాల ముందు ట్రైకోడెర్మా సిద్ధం చేసుకోవాలి, ఇది తెగులు బూజులను అణిచే మేలు చేసే బూజు. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, చెట్టు నీడన తడి గోనెసంచులు కప్పండి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. పైన తెల్లటి బూజు, ఆపైన పచ్చదనం వస్తే అది బతికి ఉన్నట్లు. ఆఖరి దుక్కిలో తేమ ఉన్నప్పుడు ఎకరానికి చల్లితే మొదలుకుళ్ళు, కాండంకుళ్ళు తగ్గుతాయి. విత్తనానికి బూజు తెగుళ్ళ మందు, కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ గానీ 1 గ్రాము టెబుకొనజోల్ గానీ పట్టించి నీడన ఆరబెట్టాలి. పప్పు మీది ఎర్రపొర ఊడితే మొలక చెడుతుంది, కాబట్టి గట్టిగా రుద్దకండి. మా అత్తగారు చాటలో పోసి చెరిగినట్లు కలిపేవారు. ఇప్పటికీ అంతకంటే మెత్తటి పద్ధతి నాకు కనిపించలేదు.

చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేయండి. పక్షులకు మేత అని మా ఆయన మొదట నవ్వారు. అసలు పని తామరపురుగులను అడ్డుకోవడం. కంటికి సరిగా ఆనని ఈ పురుగులు గాలితో కొట్టుకొస్తాయి, ఎత్తైన జొన్న గోడలా నిలిస్తే చాలావరకు అక్కడే ఆగుతాయి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండంకుళ్ళు వైరస్‌కు (పైన చెప్పిన, బూజు వల్ల వచ్చే కాండంకుళ్ళు వేరు) మూలం గట్ల మీది వయ్యారిభామ. ఆ కలుపుమొక్కలో వైరస్ పైకి కనపడకుండా ఉంటుంది. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడుతుంది, తామరపురుగు ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. లేత మొవ్వు ఎండి, కాండం నల్లబడితే ఇక ఏ మందూ పనిచేయదు. కాబట్టి వయ్యారిభామను పూతకు రాకముందే పెరకండి. చేతులకు తొడుగులు వేసుకోండి, లేకపోతే దురద ఎక్కువ. మన గట్టు శుభ్రం చేసి పక్కవాళ్ళ గట్టు వదిలేస్తే ఉపయోగం తక్కువ. ఈ విషయంలో నేను ఇద్దరితో పోట్లాడాను, ఇప్పుడు ముగ్గురం కలిసి పెరుకుతున్నాం.

ఆడపురుగు వాసనతో లద్దెపురుగు రెక్కలపురుగులను లాగే లింగాకర్షక బుట్టలు ఎకరానికి నాలుగు పెట్టండి, పైరు కంటే ఒక అడుగు ఎత్తున. వాటిలో పడేవి మగపురుగులు మాత్రమే, బుట్ట పెట్టాం కదా అని నిద్రపోవద్దు. రోజుకు ఎన్ని పడ్డాయో గోడ క్యాలెండర్ గడిలో రాస్తాను. రెండు మూడు పడేచోట ఒక్కసారిగా పదిహేను పడితే ఆ వారమంతా ఆముదం ఆకులు తిప్పడమే పని. పది పన్నెండు పంగలకర్రలు నాటితే కొంగలు, గోరింకలు మిగతాది చూసుకుంటాయి.

ఆకుముడత పురుగు తీరు వేరు. రెండు ఆకులను కుట్టినట్లు దగ్గరకు చేర్చి లోపల కూర్చుంటుంది. వాన లేని పొడి రోజుల్లో పెరిగి, చేను దూరం నుంచి కాలినట్లు కనిపిస్తుంది. మడతలు అక్కడక్కడ ఉన్నప్పుడే వేపగింజల కషాయం కొట్టాలి. జూన్, జూలై నెలల్లో ఏరి నీడన ఎండబెట్టిన గింజలు కావాలి, రెండేళ్ళ నాటి గింజలు దండగ. పప్పు దంచి, 5 కిలోల పొడిని గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండుతూ పాలలాంటి రసం తీసి, వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి 100 లీటర్లకు పెంచాలి. సాయంత్రం పూట కొట్టండి, ఎండకు వేప శక్తి తగ్గుతుంది. అదే రోజు వాడేయాలి.

ఆరేళ్ళ కిందట ఈ ఓపిక నాకూ లేదు. మందుల కొట్టులో అబ్బాయి మూడు సీసాలు ముందు పెట్టి, "అక్కా, మూడూ కలిపి కొట్టించు, ఒకే దెబ్బకు పోతాయి" అన్నాడు. పోయినవి అక్షింతల పురుగులు. రెండు వారాలు తిరక్కుండా పేనుబంక కమ్మేసింది, ఎందుకంటే దాన్ని తినేవాళ్ళను మేమే చంపాం. అప్పటినుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. పురుగు పేరు చెప్పలేకపోతే సీసా కొనను. ఆకును కవరులో పెట్టుకుని రైతు సేవా కేంద్రానికి గానీ, తిరుపతిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి గానీ తీసుకెళ్తాను. సీసా మీది ముక్కోణం రంగు కూడా చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

విత్తిన ముప్ఫై రోజుల నుంచి తిక్క ఆకుమచ్చ తెగులు కోసం చూడాలి. పసుపు వలయంతో గోధుమరంగు మచ్చలైతే ముందుగా వచ్చే రకం. ఆకు తిప్పితే అడుగున బొగ్గులాంటి మచ్చలుంటే ఆలస్యంగా వచ్చే రకం, ఆకులన్నీ రాల్చేది ఇదే. మచ్చలు కింది ఆకుల్లో మొదలవగానే లీటరు నీటికి 1 మి.లీ. టెబుకొనజోల్ గానీ 2 మి.లీ. హెక్సాకొనజోల్ గానీ కొట్టి, పదిహేను రోజులకు మళ్ళీ చూడండి. ఆకులు రాలాక కొట్టి లాభం లేదు.

మా ఊళ్ళ పేరు మోసుకు తిరిగే రోగం ఒకటుంది, కాళహస్తి తెగులు. 1970లలో ఇక్కడే మొదట గుర్తించారు. కంటికి కనపడని నులిపురుగు ఊడలను (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలను), కాయలను కొరికితే తొక్క నల్లబడి కాయ చిన్నదవుతుంది. పైన మొక్క కాస్త గిడసబారినా నీళ్ళు చాలలేదేమో అనుకుంటాం, పీకితేనే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ఊడలు దిగాక వారానికి నాలుగైదు మొక్కలు పీకి చూస్తాను. పరిశోధన కేంద్రం దీన్ని తట్టుకునే రకాన్నే 'కాళహస్తి' పేరుతో విడుదల చేసింది.

పీకిన కట్టెను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరనివ్వండి. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, తేమ తొమ్మిది శాతం దాటకూడదు. తడి కాయకు పచ్చటి బూజు పడితే అది అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టించవచ్చు. పారతో చితికిన కాయలను, బూజు గింజలను వేరుగా ఏరి గుంతలో పూడ్చేస్తాను. గేదె కుడితిలో కూడా వేయను, ఆ విషం పాలలోకి దిగుతుంది.