పాత పికప్ రిపేరు – 4వ పాఠం: ఫోర్ వీల్ లైటు వెలగనప్పుడు

గత పాఠంలో బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ వైర్లు శుభ్రం చేసుకున్నాం. ఆ పని పూర్తయ్యాకే ఇది మొదలుపెట్టండి. ఎర్త్ సరిగా లేని బండిలో మల్టీమీటరు చూపించే అంకెల్ని నమ్మలేం.

బండి అదే: 1994–2001 మధ్య వచ్చిన డాడ్జ్ రామ్ 1500, పెట్రోలు ఇంజన్. లివరు ఫోర్ హైలోకి (నాలుగు చక్రాలూ లాగే స్థానంలోకి) లాగారు. డాష్‌బోర్డులో లైటు రాలేదు, బురదలో ముందు చక్రాలు లాగలేదు. చాలామంది వెంటనే ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) పోయిందని బెంగపడతారు. దాన్ని దించే ముందు బండి కిందికి దూరి ముందు యాక్సిల్ చూడండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

ఈ బండిలో కుడివైపు ముందు షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది. పళ్లున్న కాలరు ఒకటి జరిగి ఆ రెండింటినీ కలుపుతుంది. కాలరును జరిపేది ఫోర్కు, ఫోర్కును లాగేది యాక్సిల్‌కు బిగించిన వాక్యూమ్ మోటారు. పేరుకే మోటారు, లోపల ఉన్నది రబ్బరు డయాఫ్రమ్, అంటే గాలి పీలిస్తే కదిలే పొర. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి పీల్పు (వాక్యూమ్) ట్రాన్స్‌ఫర్ కేసు మీది స్విచ్ దాకా వస్తుంది. లివరు ఎక్కడుందో దాన్ని బట్టి ఆ స్విచ్ పీల్పును రెండు గొట్టాల్లో ఒకదానికి ఇస్తుంది: ఒకటి కలపడానికి, ఇంకోటి విడదీయడానికి.

కుడి షాఫ్ట్ కలవకపోయినా ఎడమ చక్రం లాగాలి కదా అనిపిస్తుంది. లాగదు. యాక్సిల్‌లో చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె, అంటే మామూలు డిఫరెన్షియల్, రెండు పక్కలకూ సమానంగానే బలం ఇస్తుంది. ఒక పక్క వట్టిగా తిరుగుతుంటే రెండో పక్కకూ ఏమీ అందదు.

ఇక లైటు. దాని వైరు లివరు దగ్గర నుంచి కాదు, యాక్సిల్ మీది చిన్న స్విచ్ నుంచి వస్తుంది. అంటే లివరు మీరు అడిగింది చెబుతుంది, లైటు నిజంగా జరిగింది చెబుతుంది. కాబట్టి లైటు రాకపోతే కాలరైనా కలవలేదు, లేదా వైరైనా పాడైంది. ఈ రెండింటినీ విడదీయడమే ఈ పాఠం.

ఇంజన్ ఆపండి, గేరు పార్కులో పెట్టండి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టండి, లివరు ఫోర్ హైలోనే ఉంచండి. ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరవద్దు. మోటారు మీది రెండు గొట్టాలూ ఊడదీసి, కలిపే వైపు ముక్కుకు గేజీ ఉన్న చేతి వాక్యూమ్ పంపు తగిలించి 15 అంగుళాలకు (గేజీ మీది పాదరసం అంగుళాలు) లాగండి. ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. జారితే డయాఫ్రమ్ చిరిగినట్టే, మోటారు మార్చాలి. ముల్లు నిలిచి ఉండగా ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పండి. పళ్లు కుదరగానే టక్కుమని చప్పుడు వచ్చి, కుడి చక్రం ఎదురుదిశలో తిరగాలి. పీల్పు నిలిచినా తిరగకపోతే ఫోర్కు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది, కవరు విప్పాలి.

చక్రం తిరిగింది, తాళం ఆన్‌లో పెట్టినా లైటు మాత్రం రాలేదా? అప్పుడిక కరెంటు పని. యాక్సిల్ స్విచ్ ప్లగ్గు పీకి, కాలరు కలిసినప్పుడూ విడినప్పుడూ మీటరుతో ఓమ్స్ (నిరోధం) చూడండి. రీడింగ్ మారితే స్విచ్ మంచిదే, వైరు వెంబడి వెతకండి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లలో ప్లగ్గు లోపల ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది. రాగి మెరిసేదాకా వెనక్కి కత్తిరించి, కొత్త టెర్మినల్ క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునేది) వేయండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం చక్రాల దగ్గర రెండు వానలకు కూడా ఆగదు.

చేతి పంపుతో చక్రమూ తిరిగి, లైటూ వెలిగితే మోటారు బాగున్నట్టే, ఇంజన్ వైపు నుంచి పీల్పు రావడం లేదు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా), సముద్రమట్టం దగ్గర, మంచి ఇంజన్ 17 నుంచి 21 అంగుళాల దాకా ఇస్తుంది. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి అయిదు వేల అడుగులకు పైన ఉన్న డెన్వర్‌లో ఉన్నవాళ్లు 14 చూసి కంగారుపడొద్దు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ఏసీ గాలి ముందు అద్దం వైపు మళ్లిపోతోందా? ఏసీకీ ఫోర్ వీల్‌కూ పీల్పు ఒకేచోట నుంచి వస్తుంది, లీకు రెండింటికీ ముందున్న చోట వెతకండి. మన దగ్గర డీజిల్ బండ్ల మీద పని నేర్చినవాళ్లు ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు కోసం చూస్తారు. ఈ పెట్రోలు ఇంజన్‌కు అది ఉండదు.

ప్లాస్టిక్ గొట్టాలు వేడికి గట్టిపడి, ముట్టుకుంటే విరిగేంత పెళుసవుతాయి. ముక్కలు అతికించే బదులు, అదే లోపలి కొలత ఉన్న వాక్యూమ్ రబ్బరు గొట్టం మొత్తం వేసి, సైలెన్సర్ పైపుకు తగలకుండా కట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసు స్విచ్ దగ్గర గొట్టంలో ఎర్రటి ఆయిల్ కనిపిస్తే స్విచ్ సీలు పోయినట్టు. స్విచ్ మార్చి, గొట్టాల్ని రెండు చివర్లా ఊడదీసి గాలితో ఊదండి.

చివరి పరీక్ష మట్టి మీదో గడ్డి మీదో చేయండి. ఆరిన కాంక్రీటు మీద ఫోర్ హైలో మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుపోతాయి. వచ్చే పాఠంలో వెనక లైట్ల వైరింగ్. మీటరు బ్యాటరీ కొత్తది వేసుకుని రండి.