కిటికీ గట్టు మీద నారుమడి, పక్కనే సక్యులెంట్లు

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మట్టి తాకే చోటు చాలాసార్లు కిటికీ గట్టు ఒక్కటే. ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉండే గ్రానైట్ పలక మీద పది చిన్న కుండీలు, ఒక నారు ట్రే ఇరుకు లేకుండా పడతాయి. అయితే సక్యులెంట్లనూ (కలబందలా దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కలు), అప్పుడే మొలిచిన టమాట, మిరప, తులసి నారునూ పక్కపక్కన పెట్టినవారు సాధారణంగా రెంటిలో ఒకదాన్ని పోగొట్టుకుంటారు. వెలుగు రెంటికీ కావాలి, కానీ సక్యులెంటు వేరు తడికీ తడికీ నడుమ పూర్తిగా ఆరాలి, నారు వేరు ఒక్క పూట కూడా ఎండకూడదు. ఒకే మగ్గుతో, ఒకే వేళకు, అన్నింటికీ తలా కాస్త పోసుకుంటూ పోవడంలోనే చిక్కంతా ఉంది. నా మొదటి ఏడాది మొక్కలు చాలావరకు అలాగే పోయాయి, వాటిలో ఎండి చచ్చింది ఒక్కటీ లేదు, అన్నీ కుళ్ళినవే.

నీళ్ళ సంగతికి ముందు కిటికీ ఏ దిక్కుకు ఉందో చూసుకోవాలి. ఇంగ్లండు, అమెరికాల నుంచి వచ్చే తోటపని సలహాలు దక్షిణపు కిటికీయే శ్రేష్ఠమంటాయి. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణంగానే ఉంటాడు కనుక అది వారికి సరిపోతుంది, మనకు సరిపోదు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రెండు తేదీల నడుమ ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. కాబట్టి ఆ మూడు నెలల పాటు దక్షిణపు గట్టు మీద నేరుగా ఎండ దాదాపుగా పడదు. అదే గట్టు మీదికి డిసెంబరులో, సూర్యుడు మధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించడు కనుక, ఎండ సజ్జా కింద నుంచి దూరి గది లోపలి గచ్చు దాకా పాకుతుంది. ఒకే కిటికీ చలికాలంలో ఎండగానూ వేసవిలో నీడగానూ ఉంటుందని తెలుసుకుంటే, మొక్క పాడైందని కంగారుపడే సందర్భాలు సగం తగ్గుతాయి.

నా ఓటు తూర్పు కిటికీకే. పొద్దున్న పది దాకా పడే ఎండ సక్యులెంట్లకూ నారుకూ సరిపోతుంది, ఆ పైన వెలుతురు మిగులుతుంది, వేడి మిగలదు. పడమటి కిటికీ ఏప్రిల్, మే నెలల్లో ప్రమాదకరం. సాయంత్రం నాలుగింటికి ఆ గ్రానైట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి, మీరు ఉంచలేనిచోట మూడంగుళాల కుండీలోని వేరు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అక్కడ పెట్టక తప్పనివారు కుండీల కింద ఒక చెక్క పలక వేసి, పల్చటి తెల్లని పరదా కట్టాలి. దోమల జాలీ కూడా వెలుతురును బాగానే తినేస్తుంది కనుక పగలు ఆ తలుపును పక్కకు జరిపి ఉంచడం మంచిది. వెలుగు చాలుతోందా లేదా అన్నది మొక్కే చెబుతుంది. ఎచెవేరియా అనే సక్యులెంటు ఆకులు గులాబీ పువ్వులా ఒకదాని మీద ఒకటి ఒదిగి ఉండాలి. ఆకుకూ ఆకుకూ నడుమ కాడ బయటపడి, తల గాజువైపు సాగుతోందంటే మరింత వెలుగు కావాలని అర్థం. అలా సాగిన కాడ మళ్ళీ పొట్టిపడదు. తలను రెండంగుళాల కాడతో కోసి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, పొడి మట్టిలో గుచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతూ ఉంటే మొక్క ఒక పక్కకే ఒరగదు.

ఏ మొక్కలతో మొదలుపెట్టాలన్నదానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. వెలుగు తక్కువైన గట్టుకు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన హవర్తియా, మంచి వెలుగున్న గట్టుకు జేడ్, రణపాల, కలబంద పిలకలు సరిపోతాయి. మెక్సికో కొండల మీది ఎచెవేరియా చూడముచ్చటగా ఉంటుంది గానీ మన వేసవిని ఓర్చుకోవడం దానికి కష్టం, దాన్ని రెండో ఏడాదికి వాయిదా వేయండి. పిల్లలు, పిల్లులు ఉన్న ఇళ్ళలో రణపాలను అందనంత ఎత్తున పెట్టాలి, ఎందుకంటే దాని జాతి మొక్కలు జంతువులకు విషం.

రణపాల పేరు వచ్చింది కనుక ఒక చిన్న ముచ్చట. ఒకప్పుడు సామర్లకోట తోట బాధ్యతలు చూసిన బెంజమిన్ హెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటోందని గమనించి రాసిన లేఖ 1815లో లండన్‌లోని లినియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం సంపుటంలో అచ్చయింది. ఆ పులుపుకు కారణం తరవాత తెలిసింది. ఈ మొక్కలు పగటి వేడిలో నీరు ఆవిరైపోకుండా ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, పీల్చుకున్న బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, తెల్లవారాక ఎండ తగిలినప్పుడు ఆ ఆమ్లాన్ని వాడుకుంటాయి. ఈ సంగతి గట్టు మీది పనికి ఎంతగానో ఉపయోగపడుతుంది. పగలంతా నోరు మూసుకుని కూర్చునే మొక్క నీటిని అతి నెమ్మదిగా తాగుతుంది కాబట్టి కుండీలో మీరు పోసిన నీటిని ఖర్చు చేయవలసింది ప్రధానంగా మట్టీ, గాలీ తప్ప మొక్క కాదు. మట్టి జిగటగా ఉంటే ఆ నీరు వారాల తరబడి వేరును పట్టుకునే ఉంటుంది.

అందుకే మట్టి మీద కాస్త శ్రమ పెట్టాలి. నర్సరీ నుంచి తెచ్చిన సక్యులెంట్లు తరచు ఒట్టి కోకోపీట్‌లోనే (కొబ్బరి పీచు పొట్టు) ఉంటాయి. నర్సరీలో అది తేలిక, గట్టు మీద అది స్పాంజి. మొక్క తెచ్చిన వారంలోపు వేరు చుట్టూ ఉన్న కోకోపీట్‌ను వేళ్ళతో విదిలించి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి, కొత్త మట్టిలో నాటి, మరో నాలుగైదు రోజుల తరవాతే నీళ్ళు పొయ్యాలి. నేను వాడే మిశ్రమంలో సగం రాయి, సగం మట్టి. రాయి అంటే ముతక ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు. తక్కిన సగంలో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు సమపాళ్ళు. ఏటి ఇసుక దొరకక రోబో ఇసుక వాడేవారు దాన్ని జల్లించి, నీళ్ళు తేటపడేదాకా కడగాలి, లేకపోతే అందులోని రాతిపొడి నెల తిరిగేలోగా సిమెంటు దిమ్మలా గట్టిపడుతుంది. ఇటుక ముక్కలకు సున్నం గానీ సిమెంటు గానీ అంటి ఉండకూడదు. తయారైన మిశ్రమాన్ని తడిపి గుప్పిట బిగించి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి, ముద్ద నిలిచిందంటే ఇంకో దోసెడు ఇటుక ముక్కలు కలపండి. కుండీ మొక్క కంటే ఒక్క అంగుళం వెడల్పుంటే చాలు. అది మట్టిదై, అడుగున రంధ్రం ఉంటే ఇంకా మేలు. రంధ్రం లేని పింగాణీ కప్పులో నాటిన మొక్కను కానుకగా ఇస్తే కాదనలేం గానీ, ఇంటికి తెచ్చాక కుండీ మార్చడమే మర్యాద.

నీళ్ళకు రోజులు లెక్కపెట్టకూడదు, బరువు చూడాలి. నీళ్ళు పోసిన వెంటనే కుండీని ఒకసారి చేత్తో ఎత్తండి, వారం తరవాత మళ్ళీ ఎత్తండి. రెండు మూడు సార్లకే చేతికి తేడా అలవాటవుతుంది. కుండీ తేలికపడి, కింది ఆకును వేళ్ళ మధ్య నొక్కితే కొద్దిగా మెత్తగా, ముడతగా అనిపించినప్పుడు, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నిండుగా పోసి, సాసరులో నిలిచిన నీటిని పది నిమిషాల్లో పారబోయాలి. చెంచాడు చెంచాడుగా రోజూ పోస్తే పై మట్టి తడిసి అడుగు వేరు ఎండుతుంది, రెండు విధాలా నష్టం. ఆకులో ముడత కనిపిస్తే దాహం, ఆకు పసుపుపచ్చగా, అద్దంలా పారదర్శకంగా మారి ముట్టుకుంటే ఊడితే కుళ్ళు. ఈ రెంటినీ తారుమారుగా చదివి, కుళ్ళుతున్న మొక్కకు మరిన్ని నీళ్ళు పోసేవారే ఎక్కువ. కుళ్ళు కనిపిస్తే మొక్కను పీకి, నల్లబడిన భాగమంతా శుభ్రమైన బ్లేడుతో కోసి, లోపలి కండ తెల్లగా కనిపించేదాకా వెళ్ళి, ఆరబెట్టి మళ్ళీ నాటాలి. ఆర్‌వో యంత్రం వదిలేసే నీటిని మొక్కలకు పోయడం పొదుపుగానే అనిపిస్తుంది గానీ, ఆ నీటిలోని ఉప్పు చిన్న కుండీలో పేరుకుని మట్టి మీద తెల్లని పొరగా తేలుతుంది. దానికి బదులు వాన నీళ్ళు పట్టి ఉంచుకోండి.

గట్టు మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఆకు నుంచి మొక్క తీయడం. ఎచెవేరియా, జేడ్ మొక్కల కింది ఆకును పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా కదిలిస్తే టక్కున ఊడుతుంది. మొదలు చిరగకుండా, చిన్న తెల్లని మచ్చతో సహా రావాలి, సగంలో తెగిన ఆకు పనికిరాదు. మూడు రోజులు ఆరాక వాటిని ఇసుక మట్టి మీద ఊరికే పరచండి, గుచ్చవద్దు. రెండు మూడు వారాలకు మొదట్లో దారప్పోగుల్లాంటి గులాబీ రంగు వేర్లు, వాటి పక్కనే ఆవగింజంత మొక్క కనిపిస్తాయి. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు స్ప్రేతో పై మట్టిని తడపాలి. తల్లి ఆకు తనలోని నీటిని పిల్లకిచ్చి కాగితంలా ముడుచుకుపోతుంది, అది దానంతటది ఎండి రాలేదాకా పీకవద్దు. రణపాల ఆకుకైతే ఈ శ్రమ కూడా లేదు, దాని అంచు నొక్కుల్లోనే పిల్లలు పుడతాయి.

ఇక నారు. దీనికి మట్టి పూర్తిగా వేరు. రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు చాలు. కోకోపీట్‌ను ముందు నానబెట్టి రెండుసార్లు పిండి కడిగితే అందులోని ఉప్పు పోతుంది. ప్రోట్రే (గళ్ళు గళ్ళుగా ఉండే నారు ట్రే) లేకపోతే అడుగున బెజ్జం పెట్టిన కాగితపు టీ కప్పులు వాడుకోవచ్చు. టమాట, మిరప, వంగ గింజలను అర సెంటీమీటరు లోతున, కప్పుకు రెండేసి వేసి, మొలిచాక బలహీనమైనదాన్ని కత్తిరించాలి. తులసి గింజలను పైన చల్లి వేలితో నొక్కితే చాలు. ప్యాకెట్ గింజలకు గులాబీ రంగు పూసి ఉంటే అది సాధారణంగా శిలీంద్రనాశని, చల్లిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి. టమాట వారంలోపు, మిరప పది పదిహేను రోజులకు మొలుస్తుంది. మొలక మొదట వంగిన మెడతోనే పైకి వస్తుంది. ఆ మెడ కనిపించిన రోజే ట్రే మీది మూతను తీసి గాజు పక్కకు చేర్చాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాడ దారంలా సాగి, బీజదళాల బరువుకే పడిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న నారు రాత్రికి రాత్రి మట్టి మట్టంలో నీరుకారి, కాడ నొక్కుకుపోయి వాలితే అది నారుకుళ్ళు తెగులు. దానికి మందు వెతకడం కంటే రాకుండా చూసుకోవడమే తేలిక. పైనుంచి పోయకుండా ట్రేను నీళ్ళ పళ్ళెంలో పావుగంట ఉంచితే మట్టి కిందినుంచి తాగుతుంది, పైభాగం పొడిగా ఉంటుంది. ఒత్తుగా విత్తకూడదు, గాలి ఆడాలి. మట్టి మిశ్రమంలో కాస్త ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు శిలీంద్రం) కలపడం కూడా మంచిదే. ఈ పళ్ళెం పద్ధతి వల్ల ఇంకో లాభం ఉంది, నారుకు నీళ్ళు పెట్టే చెయ్యి పొరబాటున కూడా సక్యులెంట్ల మీదికి పోదు. నేను నారును ఎప్పుడూ గట్టుకు ఎడమ చివర, సక్యులెంట్లను కుడి చివర పెట్టడానికి కారణం అదే.

పురుగుల్లో ముఖ్యంగా జాగ్రత్తపడవలసింది పిండినల్లితో. ఆకు మొదట్లో దూదిలా కనిపించగానే స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. వేపనూనె పిచికారీ ఎచెవేరియా మీది బూడిద పొరను చెరిపేస్తుంది, పగటి ఎండలో పిచికారీ చేస్తే ఆకు మాడుతుంది కూడా.

కుండీ మార్చడం, ఎరువు వేయడం వంటి పనులన్నీ అక్టోబరు, నవంబరు నెలలకు ఉంచుకోండి. మన మైదానాల్లో సక్యులెంట్లు చలికాలంలోనే చురుగ్గా పెరిగి, వేసవిలో కునుకు తీస్తాయి. వానాకాలపు ఉక్కలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి సముద్ర తీరంలో, నీళ్ళు నెలకు రెండుసార్లకు మించనవసరం లేదు. టమాట నారు ఇరవై అయిదు ముప్పయి రోజులకు, మిరప నారు నలభై రోజులకు కుండీల్లోకి మార్చడానికి సిద్ధమవుతుంది. అంతకు ముందు వారం పాటు రోజూ ఒక గంట పెంచుకుంటూ బాల్కనీ గాలికి, ఎండకు అలవాటు చేయాలి. నారు వెళ్ళిపోగా గట్టుకు ఎడమ చివర ఖాళీ అయిన చోటికి, అప్పటికి వేరు పట్టిన ఆకుల ట్రేను జరపవచ్చు.