బెట్ట పరిస్థితుల్లో బీన్స్ పంట: దిగుబడిని, నాణ్యతను కాపాడుకునే విధానం

పచ్చికాయల కోసం బీన్స్‌గా పెంచినా, ఎండుగింజల కోసం రాజ్మాగా పెంచినా ఆ మొక్క జాతి ఒక్కటే, దాని బలహీనతా ఒక్కటే. వేర్లలో ఎక్కువ భాగం నేల పైభాగంలో సుమారు అర మీటరు లోతులోపే ఉంటాయి కాబట్టి, పై మట్టి ఆరిన కొద్ది రోజులకే పంట బెట్టకు గురవుతుంది. 60 నుంచి 120 రోజుల్లో చేతికొచ్చే ఈ పంటకు వాతావరణాన్ని బట్టి మొత్తం 300 నుంచి 500 మిల్లీమీటర్ల నీరు కావాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా వేసింది. అంత నీరు లేనప్పుడు ఉన్నదాన్ని పంటకాలమంతా సమానంగా పంచడం సబబుగా తోచవచ్చు గానీ, ఈ పంటకు అది సరిపడదు.

నీటి కొరతకు దిగుబడి ఎంతగా స్పందిస్తుందో తెలిపే గుణకాలను ఆ సంస్థ 1979లోనే ప్రచురించింది. బీన్స్‌లో ఆ గుణకం మొక్క ఎదిగే దశలో 0.2, పూత దశలో 1.1, గింజ నిండే దశలో 0.75. అంటే ఎదిగే దశలో నీరు 30 శాతం తగ్గితే దిగుబడి 6 శాతం మేర తగ్గుతుంది. అదే లోటు పూత దశలో వస్తే నష్టం 33 శాతం దాకా ఉంటుంది. అందువల్ల నీరు తక్కువగా ఉందని ముందే తెలిస్తే, విత్తనం మొలిచి నిలదొక్కుకున్నాక తడుల మధ్య వ్యవధి పెంచి, మిగిల్చిన నీటిని మొగ్గ కనిపించినప్పటి నుంచి గింజ నిండేవరకు వాడుకోవాలి. బెట్టకు వేడి కూడా తోడైతే పుప్పొడి శక్తి కోల్పోతుంది, పూలూ పిందెలూ రాలిపోతాయి. అయితే నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు కూడా ఈ మొక్క తన పూలలో చాలా భాగాన్ని రాల్చుకుంటుంది కాబట్టి, నేల మీద రాలిన పూలను చూసి బెంబేలెత్తకుండా, మొక్కకు నిలిచిన పిందెలను లెక్కించడమే సరైన అంచనా.

తడి ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడానికి మొక్క మొదలు దగ్గర జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడాలి. ఇసుక నేలల్లో తప్ప, ఆ మట్టి ముద్ద కట్టకుండా పొడిపొడిగా రాలిపోతే ఆలస్యం చేయకూడదు. ఆకులు ముదురు రంగుకు మారి, మధ్యాహ్నం వేళ ఎండకు అంచులు తిప్పుకుని నిలబడటం తొలి హెచ్చరిక. మరునాటి ఉదయానికి కూడా అవి తేరుకోకపోతే నష్టం మొదలైనట్టే.

వరుసల మధ్య గడ్డి లేదా పంట వ్యర్థాలు పరిస్తే నేల పదును నిలుస్తుంది. కలుపును చిన్నప్పుడే, పైపైనే తీయాలి; లోతుగా తవ్వితే పైన ఉన్న వేర్లే తెగిపోతాయి. మరో సంగతి చాలామంది గమనించరు: నేల ఆరితే వేరు బుడిపెల్లో నత్రజని స్థిరీకరణ, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే పని, మందగిస్తుంది. బుడిపెను కోసి చూసినప్పుడు లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు, తెలుపో ఆకుపచ్చో ఉంటే పనిచేయనట్టు. ఆకులు పాలిపోయాయని పొడి నేలలో యూరియా చల్లితే వేర్లకు హాని జరిగే ప్రమాదం ఉంది; ముందు తడి, ఆ తర్వాతే ఎరువు. పొడి వాతావరణంలో ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆకుల అడుగు భాగాన్ని తరచూ పరిశీలించాలి.

దిగుబడి నష్టం తూకంలో తెలుస్తుంది. నాణ్యత నష్టం వండేటప్పుడో అమ్మేటప్పుడో బయటపడుతుంది. పచ్చికాయలు పొట్టిగా, వంకరగా తయారై, పీచు పట్టి త్వరగా ముదురుతాయి కాబట్టి, బెట్టలో కోతల మధ్య వ్యవధి తగ్గించి లేతగా ఉండగానే కోయాలి. ఎండుగింజల్లో పిండిపదార్థం నిండే వ్యవధి తగ్గి, గింజలు చిన్నవిగా, ముడతలు పడి, నొక్కులుగా మిగులుతాయి. పిండిపదార్థం తగ్గినందువల్ల కొన్నిసార్లు ప్రోటీన్ శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ పొలం మొత్తం మీద దక్కే ప్రోటీన్ తగ్గుతుంది కనుక దాన్ని లాభంగా భావించకూడదు.

సుదీర్ఘ బెట్ట తర్వాత వాన పడితే మొక్క మళ్లీ పూత వేయవచ్చు. అప్పుడు ఒకే మొక్కపై ఎండిన కాయలూ, పచ్చి కాయలూ కలిసి ఉంటాయి. ఎక్కువ భాగం మొదటి కాపులోనే ఉంటే రెండో పూత కోసం వేచి ఉండకపోవడం మేలు, ఎందుకంటే ఎండిన కాయలు చిట్లి గింజలు నేలపాలవుతాయి. కోసిన గింజలు మరీ పొడిబారితే నూర్పిడిలో పగులుతాయి కాబట్టి, ఉదయపు చల్లదనంలో, దెబ్బ తీవ్రత తగ్గించి నూర్చుకోవాలి.

నొక్కు గింజలను జల్లెడ పట్టి వేరు చేశాక, మంచివాటిలో 100 గింజలను రాత్రంతా నీటిలో నానబెట్టాలి. ఉదయానికి ఉబ్బనివి గట్టి పొర గింజలు. అవి ఎక్కువగా ఉంటే ఆ సరుకు ఉడకడానికి ఎక్కువ సమయం పడుతుందని కొనేవారికి ముందే చెప్పాలి. విత్తనానికి ఉంచదలచినప్పుడు విడిగా మొలక పరీక్ష కూడా చేయాలి.