డివినిటీ ఒరిజినల్ సిన్ 2: ఫోర్ట్ జాయ్ దాటాలంటే ఇలా ఆడండి

నలుగురితో పార్టీ కట్టి, టర్న్‌ల వారీగా ఫైట్ చేసే ఈ గేమ్‌ని లారియన్ స్టూడియోస్ 2017లో తెచ్చింది. బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో ఉండే మనవాళ్ళు సేల్ రాగానే కొంటారు, గేమ్ మొదట్లో వచ్చే ఫోర్ట్ జాయ్ దీవిలో వరసగా ఓడిపోయి టెన్షన్ పడి వదిలేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మొదటి భాగం కంటే ఇది ఎక్కడ గొప్పదో తెలిసేలోపే ఆపేస్తున్నారు. ఇందులో ఫైట్ మొదలవకముందే సగం గెలవాలి. అది అర్థమైతే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది.

ముందు ఆర్మర్ సంగతి చూడండి. మొదటి భాగంలో శత్రువును పడగొట్టడం, స్టన్ చేయడం (అంటే కదలకుండా చేయడం) చాలావరకు అదృష్టం మీద నడిచేది. ఇక్కడ ఒక్కొక్కరికి ఫిజికల్ ఆర్మర్, మ్యాజిక్ ఆర్మర్ అని రెండు కవచాలు ఉన్నాయి. ఫిజికల్ సున్నా అయ్యాకే కింద పడేయగలరు, మ్యాజిక్ సున్నా అయ్యాకే గడ్డకట్టించగలరు. అందుకే నలుగురూ తలో శత్రువు మీదకీ వెళ్ళొద్దు. ఎవడికి ఏ ఆర్మర్ తక్కువుందో చూసి అందరూ వాడి మీదే పడండి, ఆర్మర్ పోయిన మరుక్షణం పడగొట్టండి, వాడి టర్న్ పోతుంది. కొత్తవాళ్ళకి టీమ్‌లో ముగ్గురిని ఫిజికల్ దెబ్బలు కొట్టేవాళ్ళుగా పెట్టుకోవడం తేలిక. చేతిలో విల్లున్నా సరే వార్‌ఫేర్ అనే నైపుణ్యంలో పాయింట్లు పెట్టండి, ఫిజికల్ డ్యామేజ్ పెరుగుతుంది.

ఇక నాకు అన్నిటికంటే నచ్చేది నిలబడే చోటు. గొడవ జరిగేలా కనిపిస్తే పార్టీని విడదీసి, మాట్లాడటానికి ఒక్కరినే పంపండి. వాళ్ళు మాట్లాడుతుండగానే మిగతా ముగ్గురినీ తీసుకెళ్ళి విలుకాడిని ఎత్తు మీద, మంత్రగాడిని దూరంగా, కత్తివాడిని శత్రువు వెనక నిలబెట్టొచ్చు. ఎత్తు నుంచి కొడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, బాణం కూడా ఎక్కువ దూరం పోతుంది. గేమ్ దీన్ని మోసంగా చూడదు, ఇలాగే ఆడమని చోట్లన్నీ కట్టిపెట్టింది.

నేల కూడా ఆయుధమే. నూనె మీదో విషం మీదో నిప్పు పడితే మంట, నీళ్ళలోకి కరెంటు పంపితే అందులో మ్యాజిక్ ఆర్మర్ లేకుండా నిలబడ్డవాళ్ళంతా స్టన్. మీవాళ్ళ కాళ్ళ కింద ఏముందో కూడా ప్రతి టర్న్‌లో చూసుకోండి, ఎక్కువమంది చచ్చేది అక్కడే. కాస్త లెవెల్ పెరిగాక ఫోర్ట్ జాయ్ బీచ్‌లో మొసళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాటిని చంపితే టెలిపోర్టేషన్ గ్లవ్స్ దొరుకుతాయి. వాటితో పైన నిలబడి బాణాలేసేవాడిని ఎత్తి తీసుకొచ్చి మీ కత్తివాడి ముందు పడేయండి, లేదా మంటల్లో వేయండి. ఈ ఒక్క స్కిల్‌తో మొదటి దీవిలో ఫైట్లన్నీ వేరేగా కనిపిస్తాయి.

కదలడానికి, కొట్టడానికి ఖర్చయ్యే యాక్షన్ పాయింట్లు టర్న్‌కి 4 వస్తాయి, వాడకుండా దాస్తే 6 దాకా పోగవుతాయి. చేయడానికి మంచి పని లేకపోతే ఊరికే దగ్గరికి పరిగెత్తి ఖర్చు చేయొద్దు. ఫేన్ అనే క్యారెక్టర్‌ని తీసుకుంటే అతను అస్థిపంజరం, విషం అతనికి మందు, హీలింగ్ స్పెల్ అతనికి దెబ్బ. ఇదే సూత్రం చనిపోయి లేచిన శత్రువుల మీద కూడా పనిచేస్తుంది. ఒకరికి జంతువులతో మాట్లాడే పెట్ పాల్ టాలెంట్ ఇవ్వండి, ఎలుకలు, కుక్కలు కూడా ఎక్కడ ఏం దాగుందో చెప్తాయి.

కలిసి ఆడితే ఇంకా బాగుంటుంది. రూమ్మేట్ ఉంటే ఎస్పీ రోడ్‌లో రెండు కంట్రోలర్లు కొనుక్కుని ఒకే స్క్రీన్ మీద ఇద్దరూ ఆడొచ్చు. ఒకరు ఎలక్ట్రానిక్ సిటీలో, ఇంకొకరు హెబ్బాళ్‌లో ఉంటే ఆ ట్రాఫిక్‌లో కలవడం అయ్యే పని కాదు, ఆన్‌లైన్‌లో నలుగురి దాకా ఆడొచ్చు. మీరు మాట్లాడుతుంటే మీ ఫ్రెండ్ అవతల దొంగతనం చేస్తుండొచ్చు, ఎవరి కథ వాళ్ళది.

పాయింట్లు తప్పుగా పెట్టామేమో అని మాత్రం భయపడకండి. ఫోర్ట్ జాయ్ దాటి లేడీ వెంజెన్స్ ఓడ ఎక్కాక అందులో ఒక అద్దం ఉంటుంది, దాని ముందు ఎన్నిసార్లయినా ఉచితంగా అన్నీ మార్చుకోవచ్చు.