వానలో వరుస పరుగు – 4వ పాఠం: రెండు రోజుల మధ్య రాత్రి

పోయిన పాఠంలో కొండపల్లి ఖిల్లా దారిలో, సన్న జల్లులో, అడుగులు చిన్నవి చేసుకుని దిగడం నేర్చుకున్నాం. వరుసగా కొన్ని రోజులు పరుగు పెట్టుకుంటే, మొదటి రోజు ఆ పని చాలామంది బాగానే చేస్తారు. ఉత్సాహం ఉంటుంది, కాళ్ళు అలిసిపోయి ఉండవు. రెండో రోజు పొద్దున బూట్లలో కాలు పెట్టినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పొద్దున ఎలా ఉండబోతుందో ముందు రోజు ఇల్లు చేరిన మొదటి గంటలోనే సగం తేలిపోతుంది. అందుకే ఈ పాఠంలో పరుగు లేదు, ఆ గంటా దాని తర్వాతి రాత్రీ మాత్రమే ఉన్నాయి.

ఒక సెప్టెంబరులో నేను వరుసగా మూడు రోజులు పెట్టుకున్నాను. మొదటి రోజు కొండపల్లి, రెండో రోజు మంగళగిరి, మూడో రోజు కొండవీడు. మొదటి రోజు నాలుగు గంటలు వానలోనే పరుగు. విజయవాడలో ఇంటికొచ్చి బూట్లు గుమ్మం పక్కన వదిలేసి, తడి సాక్సుతోనే టీ తాగుతూ గంటన్నర కూర్చున్నాను. విప్పి చూస్తే అరికాలంతా తెల్లగా పాలిపోయి, ఉడకబెట్టిన శనక్కాయలా ముడతలు పడి ఉంది. సాక్సు అల్లిక గీతలు మడమ మీద అచ్చు గుద్దినట్టు దిగాయి. బొటనవేలి సందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుని, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఎర్రబారింది. కడుక్కుని పడుకున్నాను. మర్నాడు మంగళగిరిలో ఐదో కిలోమీటరు దగ్గరే మడమ మీద చర్మం లోపల ఏదో జరిగినట్టు అనిపించింది. మూడో రోజు కొండవీడు ఘాట్ రోడ్డు మొదట్లోనే వెనక్కి తిరిగాను. ఊపిరి ఉంది, కండల్లో బలం ఉంది, అడుగు వేయడానికి చర్మం మాత్రం లేదు.

ఎందుకలా అవుతుందో అర్థమైతే ఏం చెయ్యాలో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చర్మం పై పొర నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పొడి చర్మం కంటే చెమ్మగా ఉన్న చర్మాన్ని సాక్సు గట్టిగా పట్టుకుంటుంది. అడుగు పడిన ప్రతిసారీ లోపల ఎముక ముందుకు కదులుతుంది, పైన చర్మం సాక్సుకి అంటుకుని ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ లాగుడుకి మధ్య పొరలు విడిపోయి అక్కడ నీరు చేరుతుంది. అదే బొబ్బ. మన డెల్టాలో నాట్లు వేసే ఆడవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. రోజంతా బురదలో నిలబడితే వేళ్ళ సందులు ఒరిసిపోతాయని వాళ్ళకి తెలుసు. ఇంటికి రాగానే కాళ్ళు కడిగి, తుడిచి, ఆరనిస్తారు.

మనం చెయ్యాల్సిందీ అదే. ఇల్లు చేరిన పది నిమిషాల్లో బూట్లూ సాక్సూ విప్పెయ్యండి. టీ తర్వాత. మామూలు నీళ్ళతో కడిగి, పాత పంచె ముక్కతో ఒక్కో వేలి సందునీ విడివిడిగా అద్దండి. రుద్దకండి, నానిన చర్మం ఊడొస్తుంది. ఆ తర్వాత కాళ్ళు ఎత్తున పెట్టి, ఫ్యాన్ గాలికి గంటసేపు ఉత్తగా వదిలెయ్యండి. ముడతలు పోయి చర్మం మళ్ళీ గులాబీ రంగుకి వచ్చేదాకా ఏమీ రాయొద్దు.

ఆరాక వేలితో తడిమి చూడండి. వేడిగా, ఎర్రగా ఉన్న చోటే రేపటి బొబ్బ. దాని మీద పేపర్ టేపు, అంటే మందుల షాపులో దొరికే, చర్మానికి అంటించే టేపు వెయ్యాలి. బొబ్బ అప్పటికే వచ్చి, చిన్నదై, నొప్పి లేకపోతే ముట్టుకోవద్దు. పెద్దదై, అడుగు పడేచోట ఉంటే, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు వదలండి. పై తోలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పీకకండి, దాన్ని మించిన కట్టు లేదు. షుగర్ ఉన్నవాళ్ళు సూది జోలికి పోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

బూట్ల సంగతి. లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టండి. బూటు నిండా నలిపిన వార్తాపత్రిక కాగితాలు కుక్కండి. గంటకి అవి తడిసి ముద్దవుతాయి, తీసి కొత్తవి పెట్టండి. పడుకునే ముందు ఇంకోసారి. ఆరడానికి పొయ్యి దగ్గర పెట్టేవాళ్ళని చూశాను, అడుగు భాగం జిగురు వదిలేస్తుంది. మన బెజవాడ ఉక్కలో, అందులోనూ వానాకాలంలో, ఎంత చేసినా పూర్తిగా ఆరవు. ఫరవాలేదు, నీళ్ళు కారే బూటుకీ చెమ్మ బూటుకీ చాలా తేడా ఉంది.

బట్టల విషయంలో ఒక కఠినమైన నియమం ఉంది. ఒక జత పొడి సాక్సు, ఒక జత పొడి బట్టలు పడుకోవడానికి మాత్రమే. బయట ఎంత వాన ఉన్నా, పొద్దున ఎంత బద్ధకంగా ఉన్నా, వాటితో గడప దాటకూడదు. నిన్నటి చెమ్మ బట్టలే మళ్ళీ వేసుకోవాలి. పది నిమిషాలు చిరాగ్గా ఉంటుంది, ఒళ్ళు వేడెక్కాక తెలియదు. పొడి జత కూడా తడిసిపోతే రాత్రికి కాళ్ళు ఆరే అవకాశమే ఉండదు.

మన దగ్గర చలేమిటి అనుకోకండి. 2021 మే 22న చైనాలోని గన్సులో వంద కిలోమీటర్ల కొండదారి పోటీలో ఉన్నట్టుండి వడగళ్ళు, చలిగాలి వచ్చి 21 మంది చనిపోయారు. అక్కడి ఎత్తూ చలీ మనకు లేవు, నిజమే. కానీ తడిసిన బట్టలతో కొండ మీద ఆగిపోతే గాలికి ఇక్కడా వణుకు పుడుతుంది. అందుకే పరుగు ఆగి ఇల్లు చేరిన వెంటనే బట్టలు మార్చుకోవడం పాదాల కోసం ఒక్కటే కాదు.

తిండి గురించి పోయినసారే చెప్పాను కాబట్టి ఒక్క మాట. వానలో దాహం తెలియదు కానీ చెమట కారుతూనే ఉంటుంది. రాత్రికి వేడన్నం, పప్పుచారు, ఉప్పేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ తాగితే పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపండి, తక్కువ నీళ్ళలో కాదు.

పొద్దున టేపు సరిచూసుకున్నాకే మడమలకీ వేళ్ళకీ వాజిలిన్ రాయాలి. ముందు రాస్తే టేపు అతకదు.

బొబ్బ చిట్లి పుండైతే నిలవ నీళ్ళలో అసలు దిగకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు చూశాం, ఆ నీళ్ళలో మురుగు ఎంత కలుస్తుందో. ఎలుకల మూత్రం కలిసిన నీరు పుండు గుండా ఒంట్లోకి చేరితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. కాళ్ళు అలా ఉన్న రోజు కొండవీడు మానుకోండి, కొండ ఎక్కడికీ పోదు.

ఈ వారం అభ్యాసం: శనివారం గంటసేపు కాలువ గట్టు మీద తడి సాక్సుతో పరుగెత్తండి. సాయంత్రం పైన చెప్పినదంతా చెయ్యండి. ఆదివారం అవే బూట్లతో మరో గంట. రెండు సాయంత్రాలూ ఒక కాగితం మీద పాదం బొమ్మ గీసి, ఎర్రబారిన చోటల్లా చుక్క పెట్టండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, మీ టేపు ఎక్కడెక్కడ వెయ్యాలో దాన్ని చూసే నిర్ణయిద్దాం.