పెద్ద వార్త వచ్చిన రోజు ఇంట్లో ఏం చేయాలి

1979లో స్కైలాబ్ పడబోతోందని వార్త వచ్చినప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కోళ్లన్నీ అయిపోయాయట. ఎలాగూ పోతాం కదా అని ఉన్న కోళ్లు కోసుకుని, దాచుకున్న నెయ్యి తీసి పిండివంటలు చేసుకుని, పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నారు. సుమారు 77 టన్నుల ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం జులై 11న ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తమ ఊళ్లో చెత్త పారేశారని అక్కడివాళ్లు నాసాకి 400 డాలర్ల జరిమానా కూడా రాశారు. అమ్మమ్మ మాత్రం చివరిదాకా ఒకటే మాట: "అది మన మీద పడలేదు గానీ, గుడ్లు పెట్టే పెట్ట పోయిందే."

నేను చూసిన పెద్ద వార్తలన్నింటిలోనూ, న్యూయార్క్ టవర్లు, సునామీ, కరోనా, యుక్రెయిన్, హెచ్‌1బీ, ప్రతిసారీ ఎవరో ఒకరి పెట్ట పోతూనే ఉంది. ఒకసారి నాదీ పోయింది, అది తర్వాత చెప్తా. ప్రపంచంలో ఏది ఎందుకు జరుగుతోందో చెప్పేంత తెలివి నాకు లేదు గానీ, టీవీలో ఎర్ర అక్షరాలు పరిగెత్తే ఆ మొదటి రెండు మూడు రోజులు ఇల్లు ఎలా నడుపుకోవాలో మాత్రం దెబ్బలు తిని నేర్చుకున్నాను.

ముందు మ్యాప్ తీయండి, తర్వాత టీవీ

అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: మనవాళ్లు ఎవరైనా అక్కడ ఉన్నారా? అక్కడ అంటే సరిగ్గా అక్కడే, ఆ దేశంలో ఎక్కడో ఒకచోట అని కాదు.

2001 సెప్టెంబర్ 11న మన టైమ్ ప్రకారం సాయంత్రం 6:16కి మొదటి విమానం టవర్‌ని ఢీకొట్టింది. మా పెద్దమ్మ కొడుకు అప్పుడు డల్లాస్‌లో ఉండేవాడు. ఆ రాత్రి మా ఇంటిల్లిపాదీ ఫోన్ బూత్‌లో కూర్చుని, లైన్ దొరక్క, డయల్ చేసిన నంబరే మళ్లీ మళ్లీ డయల్ చేస్తూ ఏడ్చారు. డల్లాస్‌కీ న్యూయార్క్‌కీ మధ్య 2 వేల కిలోమీటర్ల పైనే ఉందని ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లం కాదేమో. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కూడా అంత దూరం లేదు. ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే అర నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. ఆ అర నిమిషం పెట్టండి.

ఎవరూ లేరని తేలిందా, అయితే ఆ రోజు మీరు చేయగలిగిన పని దాదాపు ఏమీ లేదు. మనసుకి కష్టంగానే ఉంటుంది. పొద్దున ఓ అరగంట, రాత్రి ఓ అరగంట వార్తలు చూసి మిగతా టైమ్‌లో టీవీ కట్టేయండి. మధ్యాహ్నం పూట వాళ్లు చూపించేది పొద్దున చూపించిందే, మ్యూజిక్ మారుతుంది అంతే.

మనవాళ్లు ఉంటే: ఫోన్ చేసేది ఒక్కరే

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి.

మా అక్క కొడుకు యుక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేవాడు. 2022 ఫిబ్రవరి 24న, మనకి పొద్దున్నే టిఫిన్లు తినే వేళకి, అక్కడ బాంబులు మొదలయ్యాయి. వాడు హాస్టల్ కింద బేస్‌మెంట్‌లోకి దిగాడు. అక్కడ కరెంట్ పాయింట్లు రెండో మూడో, పిల్లలేమో వంద మంది. మావాళ్లు ఏం చేశారంటే, అక్క, బావ, బావ వాళ్ల అన్నయ్య, మా అమ్మ, ఇద్దరు మేనత్తలు, ఎప్పుడూ మాట్లాడని వేలు విడిచిన బాబాయ్‌తో సహా అందరూ వాడికే ఫోన్. అందరూ అడిగేది ఒకటే, "తిన్నావా నాన్నా, భయమేస్తోందా?" రెండో రోజు సాయంత్రానికి వాడి ఫోన్ ఆఫ్ అయిపోయింది. ఆరు గంటలు. ఆ ఆరు గంటలు మా అక్క ఎలా ఉందో నేను రాయలేను. తర్వాత తెలిసింది, వాడికేం కాలేదు, మా ప్రేమకి బ్యాటరీ అయిపోయింది.

అప్పుడు బావ కూర్చోబెట్టి రూల్ పెట్టారు. ఫోన్ చేసేది ఒక్కరే, మిగతావాళ్లకి ఆ ఒక్కరే చెప్తారు. ఆ ఒక్కరు ఎవరు? తల్లి కాదు, తండ్రి కాదు, ఏడవకుండా రెండు నిమిషాలు మాట్లాడగలిగే మనిషి. అలా ఆ పని నామీద పడింది. రోజుకి రెండుసార్లు, ముందే అనుకున్న టైమ్‌కి, ఖార్కివ్ మనకంటే మూడున్నర గంటలు వెనక కాబట్టి ఆ లెక్క ఫ్రిజ్ మీద రాసిపెట్టుకుని చేసేదాన్ని. మధ్యలో కాల్ లేదు, మెసేజ్ మాత్రమే, వాడు వీలైనప్పుడు ఒక్క అక్షరం పెడితే చాలు, "ఓ" అంటే ఓకే అని.

ఆ ఒక్కరి దగ్గర ఉండాల్సినవి: పాస్‌పోర్ట్ ఫోటో, వీసా పేజీ, పిల్లాడి పక్కన ఉన్న ఇద్దరు స్నేహితుల నంబర్లు (ఇవి లేకే మేం ఆ ఆరు గంటలు నరకం చూశాం), ఆ దేశంలోని మన ఎంబసీ హెల్ప్‌లైన్. ఢిల్లీలో ఏపీ భవన్, తెలంగాణ భవన్ ఉన్నాయి, విదేశాల్లో ఉన్న ఏపీ వాళ్ల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, అక్కడ పేరు నమోదు చేయించండి. ఎంబసీ చెప్పే మాట అందరికంటే ముందు పిల్లలకి చేరుతుందనుకోవద్దు. మార్చి 2న ఖార్కివ్ వదిలి వెంటనే వెళ్లిపొమ్మని, బండి దొరక్కపోతే నడిచైనా పిసోచిన్ లాంటి దగ్గరి ఊళ్లకి సాయంత్రం 6 లోపు చేరమని ఎంబసీ ప్రకటన ఇచ్చినప్పుడు బేస్‌మెంట్‌లో సిగ్నల్ లేదు, వాడికి ఆ సంగతి వెళ్లింది ఇక్కడి నుంచి, నా మెసేజ్‌తోనే. ఆ తర్వాత నడిచాడు, రైలెక్కాడు, సరిహద్దు దాటాడు. ఆపరేషన్ గంగ పేరుతో 90 విమానాల్లో 18 వేల మందికి పైగా వచ్చారు, అందులో వాడొకడు.

గడువు అని వినబడితే గడియారం పట్టుకోండి

2025 సెప్టెంబర్ 20, శనివారం పొద్దున. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్‌1బీ వీసా కొత్తగా కావాలంటే లక్ష డాలర్లు, అంటే 88 లక్షల రూపాయలు, అని ట్రంప్ సంతకం పెట్టిన వార్త. కంపెనీలేమో బయట ఉన్న ఉద్యోగులందరూ గడువులోపు వెనక్కి రావాలని మెయిల్స్ పెట్టాయి. మా పక్క ఫ్లాట్ వాళ్లబ్బాయి బతుకమ్మకీ దసరాకీ అని మూడు వారాల సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది. మర్నాడే ఎంగిలిపూల బతుకమ్మ. వాళ్లమ్మ తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయా అని అడుగుతుంటే వీడు సూట్‌కేస్ మూస్తున్నాడు.

గడువు అమెరికా తూర్పు తీరం టైమ్‌లో శనివారం అర్ధరాత్రి దాటగానే, అంటే ఆదివారం 12:01. మనకి అది ఆదివారం ఉదయం 9:31. ఈ లెక్క వేయకుండా ఆ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి 12 అని ఒకరు, సోమవారం అని ఒకరు. ఆ అబ్బాయి రెట్టింపు ధర పెట్టి టికెట్ కొని వెళ్లాడు. దారిలో విమానం మారే చోట ఉండగా వైట్‌హౌస్ వివరణ వచ్చింది, ఇది కొత్త దరఖాస్తులకే, ఒక్కసారి కట్టేదే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు వెళ్లి రావచ్చు అని.

ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. కంపెనీ రాతపూర్వకంగా రమ్మంది, ఉద్యోగం వాడిది. నా కోపం మిగతావాళ్ల మీద. ఆ వీసాతో ఏ సంబంధమూ లేని గ్రీన్‌కార్డ్ కొడుకులున్న తల్లులు కూడా ఆ రోజు అన్నం మానేశారు. అందుకని చెప్తున్నా, గడువు అనే మాట వినగానే మూడే చూడండి: మన టైమ్‌లో ఎప్పుడు, కాగితం మీద ఎవరికి అని రాసుంది, మనకి దాని గురించి రాసిచ్చే మనిషి ఎవరు (కంపెనీ లాయర్, యూనివర్సిటీ ఆఫీస్, ఎంబసీ). గ్రూపులో అడక్కండి. గ్రూపులో జవాబు చెప్పేవాడికి టికెట్ డబ్బులు పోవు.

ఫార్వర్డ్ వచ్చింది

2025 మే 7 నుంచి 10 దాకా, పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో, మా ఫ్యామిలీ గ్రూపులో యుద్ధం అంతా వీడియో గేమ్‌లోది. నిజంగానే, గేమ్ క్లిప్పులు తెచ్చి మన దాడులని తిప్పారు. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని ఇంకోటి, అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పేలోపే మా వీధి చివర ఏటీఎం దగ్గర క్యూ.

చూసే పద్ధతి పెద్ద కష్టం కాదు. మెసేజ్ పైన రెండు బాణాలుంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, దాన్ని వాట్సాప్ కూడా ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుంది, కారణం ఉండే కదా. వీడియోని ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాతదైతే చాలావరకు అక్కడే దొరికిపోతుంది. అదీ చేయలేకపోతే సాయంత్రం దాకా ఆగండి. నిజమైన వార్త సాయంత్రానికి చల్లారిపోదు.

పంపింది పెద్దవాళ్లైతేనే చిక్కు. గ్రూపులో "ఇది ఫేక్ బాబాయ్" అన్నారనుకోండి, ఆయన ఇంకో నాలుగు పెడతారు, పైగా పెళ్లిలో మాట్లాడరు. విడిగా పెట్టండి: "బాబాయ్, అది పాత వీడియో అంటండీ, మీ పేరుతో తిరిగితే బాగోదని చెప్తున్నా." రెండు రోజుల్లోపు అయితే అందరికీ డిలీట్ అయ్యేలా ఎలా తీయాలో కూడా చెప్పండి, ఆయనకి అది తెలియకే ఉంచేస్తారు. మా బాబాయ్ మూడింట రెండు తీసేస్తారు. మూడోదానికి నేను వాదించను.

కొనడం, అమ్మడం

ఇక నా పెట్ట సంగతి. యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ నూనె దొరకదన్నారు, మనకి ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. నేను పెరిగిన రేటుకి 15 లీటర్ల టిన్నులు రెండు కొన్నాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. కొన్ని నెలలకి రేటు దిగింది, రెండో టిన్ను నూనె వాసన మారింది. మా ఆయన నన్ను ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే ఫిబ్రవరి 24న సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడిందని ఆయన షేర్లు అమ్మేశారు, మర్నాడే అది 1,328 పాయింట్లు లేచింది. ఒక నెలకి సరిపడా సరుకు ఉంచుకోండి, మందులు వాడేవాళ్లుంటే రెండు నెలలవి. షేర్లు, బంగారం, ఊళ్లో స్థలం, వారం దాకా ముట్టుకోవద్దు.

కోపం ఎవరి మీద పోతోందో చూసుకోండి

దూరంగా ఉన్నవాడి మీద కోపం వస్తే అది దగ్గరున్నవాడి మీద దిగుతుంది. ఆ మేలోనే హైదరాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద దాడి జరిగింది. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర పెట్టిన దుకాణం అది, పాకిస్తాన్ నుంచి అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లది. మా అమ్మాయి పుట్టినరోజుకి అక్కడి ఫ్రూట్ బిస్కెట్లే పంచుతాం, ఆ వారం కూడా అవే కొన్నాను.

ఇది మనకి ఇటువైపు నుంచి కూడా తెలుసు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినవాడు అతన్ని ఇరాన్ మనిషి అనుకున్నాడు. అంతే కారణం. అందుకే పెద్ద వార్త వచ్చిన వారంలో మీ వీధిలో, ఆఫీసులో, పిల్లల క్లాసులో, జనం అనుమానంగా చూడబోయే మనిషి ఎవరో మీకు ముందే తెలుస్తుంది. ఆ మనిషితో టీ తాగండి. వార్త గురించి మాట్లాడక్కర్లేదు, ఆ మనిషిని అభిప్రాయం అడగొద్దు కూడా.

పిల్లలు అడిగితే ఉన్నదే చెప్పండి, చిన్నగా చెప్పండి. "మన దగ్గరికి వస్తుందా?" అని అడుగుతారు, వాళ్లకి కావాల్సింది దానికి జవాబే.

మూడో వారంలో మళ్లీ ఫోన్ చేయండి

మా అక్క కొడుకు శంషాబాద్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి మావాళ్లు పదకొండు మంది వెళ్లారు, దండలు, స్వీట్లు, ఫోటోలు. పదిహేను రోజులకి టీవీలో వార్త వెనక్కి పోయింది, వాడి చదువు మాత్రం ఎక్కడా తేలక అలాగే ఉండిపోయింది. ఆన్‌లైన్ క్లాసులు వింటూ, రాత్రుళ్లు నిద్రపట్టక, ఊళ్లో టపాసు పేలితే ఉలిక్కిపడుతూ ఉన్నాడు, ఫోన్లు మాత్రం ఆగిపోయాయి, నాది కూడా. నేను మళ్లీ చేసేసరికి ఏప్రిల్ సగం అయిపోయింది. రెండు నిమిషాలే మాట్లాడి, అలవాటు కొద్దీ, ఉంటాను నాన్నా అని పెట్టేయబోతుంటే వాడన్నాడు, "పిన్నీ, ఇక్కడ ఛార్జింగ్ ఉంది. కాసేపు మాట్లాడొచ్చు."